ప్రోస్టేట్ క్యాన్సర్‌ను పట్టుకోవడంలో డిఫ్యూజన్ ఎంఆర్ఐ: ఏ పద్ధతి ఎవరికి?

ప్రోస్టేట్ కోసం చేసే రక్తపరీక్షలో పీఎస్ఏ కాస్త పెరిగింది. ఎంఆర్ఐ తీయించారు. రిపోర్టులో "పై-రాడ్స్ 3" అని వచ్చింది. క్యాన్సర్ అనుమానం ఎంతో 1 నుంచి 5 వరకు చెప్పే స్కోరు ఇది. 3 అంటే క్యాన్సర్ ఉందనీ చెప్పలేదు, లేదనీ చెప్పలేదు. బయాప్సీ చేయించుకోవాలా, కొన్నాళ్లు ఆగి చూడాలా అన్న టెన్షన్‌తో వెతకడం మొదలుపెడితే వర్డిక్ట్, కర్టోసిస్, ఆర్ఎస్ఐ, ఐవీఐఎం అంటూ వరసగా పేర్లు ఎదురవుతాయి. స్కానింగ్ విభాగం నడిపేవాళ్లకూ ఇదే చిక్కు: కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చుకోవాలా, ఉన్నదాన్నే సరిచేసుకోవాలా? రేడియాలజీ చదువుతున్న విద్యార్థికైతే ఏ పేపర్ తెరిచినా అందులోని పద్ధతే అన్నిటికన్నా మేలని అనిపిస్తుంది.

ఈ ముగ్గురినీ దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పద్ధతి పేరు చూసి ఎంచుకోకండి. మీకు తేలకుండా మిగిలిన ప్రశ్న ఏమిటో ముందు చూసుకోండి. మామూలు డిఫ్యూజన్ స్కాన్‌ను శ్రద్ధగా తీస్తే చాలా ప్రశ్నలు అక్కడే తేలిపోతాయి. అక్కడ తేలని కొన్నిటి కోసమే మిగతా పద్ధతులు.

## నీటి కదలిక ఏం చెబుతుంది

ఆరోగ్యంగా ఉన్న ప్రోస్టేట్‌లో ద్రవం నిండిన సన్నని గదులు చాలా ఉంటాయి. వాటిలో నీటి అణువులు అడ్డూ అదుపూ లేకుండా తిరుగుతాయి. క్యాన్సర్ పెరిగే కొద్దీ కణాలు కిక్కిరిసిపోతాయి, ఆ గదులు మూసుకుపోతాయి, నీరు కదలడానికి చోటు తగ్గుతుంది. డిఫ్యూజన్ ఎంఆర్ఐ కొలిచేది ఈ ఇరుకునే. దీనికి మూలమైన గ్రేడియంట్ (అయస్కాంత క్షేత్రాన్ని చోటును బట్టి మార్చే) పద్ధతిని స్టెజ్‌స్కాల్, టానర్ 1965లో చూపించారు. 1980ల మధ్యలో డెనిస్ లె బిహాన్ దాన్ని మనిషి శరీరం మీదికి తెచ్చారు.

ఇక్కడ తెలుసుకోవాల్సిన మాట ఒకటుంది: బీ విలువ. స్కానర్ నీటి కదలికను ఎంత గట్టిగా పరీక్షిస్తోందో చెప్పే సంఖ్య ఇది. బీ విలువ పెంచే కొద్దీ స్వేచ్ఛగా తిరిగే నీటి నుంచి వచ్చే సిగ్నల్ పడిపోతుంది, ఇరుకులో చిక్కుకున్న నీరు మాత్రం మెరుస్తూ ఉండిపోతుంది. అందుకే ఎక్కువ బీ విలువ ఉన్న బొమ్మలో క్యాన్సర్ తెల్లటి మచ్చలా కనిపిస్తుంది. రెండు మూడు బీ విలువల మధ్య సిగ్నల్ ఎంత వేగంగా పడిపోయిందో లెక్కగడితే ఏడీసీ అనే సంఖ్య వస్తుంది. ఏడీసీ మ్యాప్‌లో క్యాన్సర్ నల్లగా కనిపిస్తుంది. ఒకదానిలో తెలుపు, రెండోదానిలో నలుపు, రెండూ ఒకే చోట ఉంటేనే అనుమానం బలపడుతుంది. రెండింట్లోనూ తెల్లగా ఉంటే అది చాలాసార్లు టీ2 (ద్రవం సహజంగానే తెల్లగా కనిపించే మామూలు ఎంఆర్ఐ బొమ్మ) మెరుపు తాలూకు నీడ మాత్రమే.

ఏడీసీకి ఒక పరిమితి ఉంది. ఒక చుక్కంత కణజాలంలో రక్తనాళాలు, కణాల లోపలి నీరు, కణాల మధ్య నీరు, గ్రంథి గదుల్లోని ద్రవం అన్నీ కలిసే ఉంటాయి. ఏడీసీ వాటన్నిటినీ కలిపి ఒకే సంఖ్య ఇస్తుంది. కొత్త పద్ధతులన్నీ ఈ కలగలుపును విడదీయడానికి పుట్టినవే. ఏది ఎలా విడదీస్తుందన్న దగ్గరే వాటి మధ్య తేడా.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

నేనైతే ఐదు విషయాలు చూస్తాను. వీటిలో మొదటి రెండూ ముఖ్యం.

మీ ప్రశ్న ఏమిటి? క్యాన్సర్ ఉందో లేదో పట్టుకోవడం ఒక ప్రశ్న. కనిపించిన మచ్చ ప్రమాదకరమైనదా, నెమ్మదిగా పెరిగే రకమా అన్నది ఇంకొకటి. గ్లీసన్ (మైక్రోస్కోపులో చూసి కణితి తీవ్రతకు ఇచ్చే స్కోరు) 3+3కీ 3+4కీ మధ్య గీత గీయగలిగితే అనవసరమైన బయాప్సీలూ చికిత్సలూ తగ్గుతాయి. ఏళ్ల తరబడి పరిశీలనలో ఉన్న మనిషిలో మార్పు వచ్చిందా అన్నది మూడో ప్రశ్న. ఈ మూడింటికీ ఒకే పద్ధతి గొప్పగా పనిచేస్తుందని అనుకోకూడదు.

మంచి ఏడీసీతో పోల్చి చూశారా? "క్యాన్సర్‌కూ మామూలు కణజాలానికీ మధ్య స్పష్టమైన తేడా కనిపించింది" అని ఏ పద్ధతి గురించైనా రాయవచ్చు. ఆ తేడా ఏడీసీలోనూ కనిపిస్తుంది. అదే మనుషుల్లో, అదే మచ్చల మీద ఏడీసీ కన్నా ఎంత మెరుగైందో చెప్పిన అధ్యయనాలకే నేను విలువిస్తాను.

మళ్లీ తీస్తే అదే సంఖ్య వస్తుందా? మోడల్‌లో (సిగ్నల్‌ను వివరించే లెక్క సూత్రంలో) లెక్కగట్టాల్సిన రాశులు పెరిగే కొద్దీ ఒక్కోదాని మీద నమ్మకం తగ్గుతుంది.

ఎంత సమయం? స్కానర్‌లో పడుకున్న మనిషి కదలకుండా ఉండగలిగే సమయానికి హద్దుంది. మూత్రాశయం నిండుతుంది, పేగు కదులుతుంది.

ఎవరు చదువుతారు? పై-రాడ్స్ అనేది మామూలు టీ2 బొమ్మలు, డిఫ్యూజన్, కాంట్రాస్ట్ (సిరలోకి ఎక్కించే మందుతో తీసే బొమ్మలు) మీద కట్టిన స్కోరు. కొత్త పద్ధతుల సంఖ్యలకు అందులో చోటు లేదు. కాబట్టి కొత్త సంఖ్యను రిపోర్టులో పెడితే దానర్థం ఏమిటో యూరాలజిస్టుకు ఎవరో ఒకరు వివరించాలి.

## మామూలు డిఫ్యూజన్, కానీ శ్రద్ధగా తీసినది

దీని మీద ఎక్కువసేపు ఆగుతాను. ఎందుకంటే చాలామంది నిర్లక్ష్యం చేసేది దీన్నే.

ప్రోస్టేట్ క్యాన్సర్లలో సుమారు 70 శాతం పైగా పెరిఫెరల్ జోన్‌లో, అంటే గ్రంథి వెనకవైపు అంచు భాగంలో పుడతాయి. అక్కడ స్కోరు నిర్ణయించేది ప్రధానంగా డిఫ్యూజనే. వయసుతో ఉబ్బే లోపలి భాగం ట్రాన్సిషన్ జోన్. అక్కడ టీ2 బొమ్మదే పెద్ద మాట. అయితే 2019లో వచ్చిన పై-రాడ్స్ 2.1లో అక్కడ కూడా డిఫ్యూజన్‌కు ఓటు ఇచ్చారు. టీ2లో 2 వచ్చిన గడ్డకు డిఫ్యూజన్ స్కోరు 4 గానీ 5 గానీ వస్తే, మొత్తం స్కోరు 3కి పెరుగుతుంది.

2017లో బ్రిటన్‌లో జరిగిన ప్రామిస్ అధ్యయనంలో 576 మంది మగవాళ్లకు ముందు ఎంఆర్ఐ తీసి, తర్వాత గ్రంథినంతా సన్నగా జల్లెడపట్టే బయాప్సీ చేశారు. ముఖ్యమైన (ప్రమాదకరమని తేలిన) క్యాన్సర్లలో ఎంఆర్ఐ 93 శాతం పట్టుకుంది. అల్ట్రాసౌండ్ చూస్తూ చేసే పాత తరహా బయాప్సీ 48 శాతమే పట్టుకుంది. ఇదంతా ఏ కొత్త మోడలూ లేకుండా, 1.5 టెస్లా (అయస్కాంత బలం కొలత) స్కానర్లలో జరిగిందని గుర్తుంచుకోవాలి. కానీ అదే అధ్యయనంలో ఎంఆర్ఐ స్పెసిఫిసిటీ 41 శాతమే. అంటే ముఖ్యమైన క్యాన్సర్ లేనివాళ్లలో సగానికి పైగా మందికి ఎంఆర్ఐ అనుమానం వ్యక్తం చేసింది. కొత్త పద్ధతులు తీర్చాల్సిన లోటు ఈ 41 అంకెలోనే ఉంది. పట్టుకోవడంలో మనం ఇప్పటికే బాగానే ఉన్నాం, వృథా అనుమానాలు తగ్గించడంలోనే వెనకబడ్డాం.

వృథా అనుమానం ఎక్కడి నుంచి వస్తుంది? ప్రోస్టేట్ వాపు వస్తే కణాలు గుమిగూడి ఏడీసీ తగ్గుతుంది. వయసు గడ్డల్లో స్ట్రోమా (గ్రంథి గదుల చుట్టూ ఉండే ఆధార కణజాలం) ఎక్కువగా ఉన్న రకం నల్లగా కనిపిస్తుంది. సహజంగానే దట్టంగా ఉండే సెంట్రల్ జోన్ కూడా కంగారు పెడుతుంది. ఏడీసీ ఒక్కటే చూస్తే ఇవి క్యాన్సర్‌లానే ఉంటాయి.

శ్రద్ధగా తీయడం అంటే ఏమిటో పై-రాడ్స్ 2.1 అంకెలతో సహా చెప్పింది. స్లైస్ మందం 4 మిల్లీమీటర్లు మించకూడదు, మధ్యలో ఖాళీ ఉండకూడదు. ఎకో సమయం (సిగ్నల్ అందుకునే ముందు ఆగే సమయం) 90 మిల్లీసెకన్లలోపు ఉండాలి. ఏడీసీ లెక్కకు 1000 దాటని బీ విలువలు వాడాలి. 1400 గానీ అంతకు మించి గానీ ఉన్న బొమ్మను విడిగా తీయాలి, లేదా లెక్కగట్టి తయారుచేయాలి. ఈ నాలుగూ సరిగా ఉన్నాయో లేదో చూడటానికి ఐదు నిమిషాలు చాలు. కొత్త సాఫ్ట్‌వేర్ గురించి మాట్లాడే ముందు ఈ ఐదు నిమిషాలు పెట్టండి.

ఇంకో సంగతి, మలాశయంలోని గ్యాస్. ప్రోస్టేట్‌కు సరిగ్గా వెనక ఉండేది అదే. గాలి పక్కన అయస్కాంత క్షేత్రం వంకరపోతుంది, డిఫ్యూజన్ బొమ్మ సాగిపోతుంది. అదీ క్యాన్సర్లు ఎక్కువగా పుట్టే వెనక భాగంలోనే. స్కాన్‌కు వెళ్లేముందు విరేచనం చేసుకుని వెళ్లడం వల్ల కలిగే మేలు, కొన్నిసార్లు ఖరీదైన మోడల్ వల్ల కలిగే మేలు కన్నా ఎక్కువ. గ్యాస్ మరీ ఉంటే సన్నని గొట్టంతో తీసేయవచ్చు, లేదా మనిషిని బోర్లా పడుకోబెట్టి తీయవచ్చు.

## మోడల్ మార్చకుండా బొమ్మను మెరుగుపరిచేవి

వీటిని చాలామంది కొత్త పద్ధతుల్లో లెక్కేయరు. నా దృష్టిలో ఒక విభాగం మొదటి అడుగు ఇక్కడే వేయాలి.

చూసే ప్రాంతాన్ని కుదించి తీసే స్కాన్ ఒకటి. దీన్ని జూమ్ డిఫ్యూజన్ అంటారు. ప్రోస్టేట్ చుట్టుపక్కల అంతా వదిలేసి గ్రంథి వరకే తీస్తే వంకర తగ్గుతుంది, చిన్న మచ్చల అంచులు తేటపడతాయి. అయితే సిగ్నల్ కాస్త తగ్గుతుంది. బొమ్మను ఒకే ఊపులో తీయకుండా ముక్కలు ముక్కలుగా తీసి అతికించేది రెండో రకం. వంకర ఇంకా తగ్గుతుంది గానీ సమయం పెరుగుతుంది. సిగ్నల్ కొరతను డీప్ లెర్నింగ్ రీకన్‌స్ట్రక్షన్ కొంత పూడుస్తుంది.

మూడోది లెక్కగట్టిన ఎక్కువ బీ బొమ్మ. తక్కువ బీ విలువల దగ్గర తీసిన డేటా నుంచి 1500 గానీ 2000 గానీ ఉంటే ఎలా ఉండేదో కంప్యూటర్ లెక్కగడుతుంది. అదనపు స్కాన్ సమయం అక్కర్లేదు. శబ్దం (సిగ్నల్‌లో కలిసిపోయే అనవసరపు గజిబిజి) తక్కువగా ఉండే శుభ్రమైన బొమ్మ వస్తుంది. కానీ ఇందులో కొత్త సమాచారమేమీ లేదని మరిచిపోకూడదు. ఏడీసీలో ఉన్నదే ఇంకో రూపంలో కంటికి కనిపిస్తుంది. మూల బొమ్మ పాడైతే ఇదీ పాడే.

## ఐవీఐఎం

రక్తనాళాల్లో కదిలే నీటిని మిగతా నీటి నుంచి విడదీయాలన్నది ఆలోచన. దీనికి 200 లోపే చాలా బీ విలువలు తీయాలి. లె బిహాన్ మొదట ప్రతిపాదించింది ఇదే. ఆలోచన అందమైనదే గానీ ప్రోస్టేట్‌లో రక్తప్రవాహం వాటా చిన్నది. దాని వేగాన్ని చెప్పే రాశి మళ్లీ తీసిన ప్రతిసారీ ఊగిసలాడుతుంది. రోజువారీ క్యాన్సర్ గుర్తింపు కోసం దీన్ని ఎంచుకోమని నేను చెప్పను.

## కర్టోసిస్

నీరు అడ్డంకులు లేకుండా తిరిగితే సిగ్నల్ ఒక సాఫీ వంపులో పడిపోతుంది. కణాల గోడలు అడ్డొస్తే, ఎక్కువ బీ విలువల దగ్గర ఆ వంపు తప్పుతుంది. ఆ తప్పును కొలిచే రాశే కర్టోసిస్. జెన్సన్, హెల్పెర్న్ బృందం దీన్ని 2005లో ప్రతిపాదించింది. క్యాన్సర్‌లో ఇది పెరుగుతుంది.

2012లో వచ్చిన తొలి ప్రోస్టేట్ ఫలితాలు ఆశ కలిగించాయి. తర్వాత కొందరు అదే పోలిక చేసి, ఏడీసీ కన్నా చెప్పుకోదగ్గ లాభం లేదన్నారు. రెండూ ఒకదానితో ఒకటి గట్టిగా ముడిపడి ఉండటమే కారణం: ఏడీసీ ఎక్కడ తగ్గుతుందో కర్టోసిస్ అక్కడే పెరుగుతుంది. బీ విలువ 2000 వరకు వెళ్లాలి కాబట్టి సిగ్నల్ శబ్దంలో మునిగిపోయే ప్రమాదం ఉంది. శబ్దమే కర్టోసిస్‌లా కనిపించి మోసం చేయగలదు.

దీన్ని పూర్తిగా తోసిపుచ్చను. మామూలు స్కానర్ మీద ఒకటి రెండు బీ విలువలు కలిపితే చాలు, ఇది వచ్చేస్తుంది. రిపోర్టులో నిర్ణయం దీని మీద మాత్రం ఆధారపడకూడదు.

## టెన్సర్

నీరు ఏ దిక్కుకు ఎక్కువగా కదులుతోందో చెప్పేది డిఫ్యూజన్ టెన్సర్. మెదడులో నరాల దారులు గీయడానికి దీనికి సాటి లేదు. ప్రోస్టేట్ క్యాన్సర్‌లో మాత్రం దిక్కు తేడాను చెప్పే ఎఫ్ఏ విలువ కొన్ని అధ్యయనాల్లో పెరిగింది, కొన్నిటిలో తగ్గింది. సిగ్నల్ తక్కువగా ఉన్నచోట శబ్దం దాన్ని ఊరికే పెంచుతుంది. సర్జరీకి ముందు గ్రంథి పక్కనున్న నరాల కట్టలను చూడాలనుకునే పరిశోధకులకు ఆసక్తికరమైనదే. గుర్తింపు కోసమైతే వదిలేయండి.

## వర్డిక్ట్

కొత్త మోడళ్లలో నాకు ఎక్కువ ఆశ కలిగించింది ఇదే. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు తయారుచేశారు. ఒక్కో చుక్కలోని నీటిని ఇది మూడు గదులుగా విడగొడుతుంది: రక్తనాళాల్లో ఉన్నది, కణాల బయట ఉన్నది, కణాల లోపల ఉన్నది. చివరిదాని వాటాను ఎఫ్ఐసీ అంటారు. కణాలు కిక్కిరిసిన చోట అది పెరుగుతుంది. పాథాలజిస్టు మైక్రోస్కోపులో చూసే కిక్కిరిసిన కణాలకూ ఈ సంఖ్యకూ నేరుగా సంబంధం ఉంది కాబట్టి వైద్యులకు అర్థం చేసుకోవడం తేలిక.

2019లో వచ్చిన ఫలితాల్లో ఎఫ్ఐసీ గ్లీసన్ 3+3 మచ్చలనూ 3+4, ఆపై మచ్చలనూ వేరుచేయగలిగింది. అదే మచ్చల్లో ఏడీసీ ఆ పని చేయలేకపోయింది. 2022లో వచ్చిన ఇన్నోవేట్ అధ్యయనంలో 303 మంది పాల్గొన్నారు. ముఖ్యమైన క్యాన్సర్‌ను వేరుచేయడంలో ఎఫ్ఐసీ ఏయూసీ 0.96, ఏడీసీది 0.85. ఏయూసీ 1 అయితే ఒక్క తప్పూ లేదని, 0.5 అయితే బొమ్మా బొరుసూ వేసినట్టేనని అర్థం. 41 శాతం దగ్గర ఆగిపోయిన లోటును పూడ్చడానికి ఇలాంటి తేడాయే కావాలి.

మరి అందరూ దీన్నే ఎందుకు తీయడం లేదు? బీ విలువలు 3000 వరకు వెళ్లాలి. ఒక్కో బీ విలువకూ ఎకో సమయం వేరుగా సర్దుకోవాలి. స్కాన్ సమయం పెరుగుతుంది. బలమైన గ్రేడియంట్లు ఉన్న 3 టెస్లా స్కానర్ ఉంటే మేలు. లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ ప్రతి స్కానర్‌తోనూ రాదు. పైగా గొప్ప ఫలితాలన్నీ ఎక్కువగా దాన్ని కనిపెట్టిన బృందం చేతిలోనే వచ్చాయి. వేరే స్కానర్లతో, వేరే చేతుల్లో, ఎంఆర్ఐ తీయించుకోవడానికి వచ్చిన మామూలు జనంలో ఇంతే బాగా పనిచేస్తుందని రుజువు కావాలి.

## ఆర్ఎస్ఐ

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాన్ డియాగో పరిశోధకులు అభివృద్ధి చేసిన రిస్ట్రిక్షన్ స్పెక్ట్రమ్ ఇమేజింగ్ ఇది. వర్డిక్ట్‌కు దాయాది అనుకోవచ్చు. కణం లోపల చిక్కుకున్న నీరు, అడ్డంకుల మధ్య తిరిగే నీరు, స్వేచ్ఛగా ఉన్న నీరు, ప్రవహించే నీరు అని నాలుగుగా విడదీస్తుంది. ఒక్కో రకానికి కదలిక వేగాన్ని ముందే స్థిరంగా పెట్టేస్తుంది. ఈ ఒక్క నిర్ణయం వల్ల లెక్క తేలికవుతుంది, సంఖ్య నిలకడగా వస్తుంది. బదులుగా, ముందే పెట్టుకున్న ఆ విలువలు ఒక మనిషికి సరిపడకపోతే మోడల్ సర్దుకోలేదు.

దీని అసలు బలం వేరే చోట ఉంది. ఏడీసీ వాడాలంటే ముందు ఒక నిపుణుడు మచ్చను గుర్తించి గీత గీయాలి. గ్రంథి మొత్తంలో అతి తక్కువ ఏడీసీ ఎక్కడుందో కంప్యూటర్‌ను వెతకమంటే, శబ్దం, అంచులు, స్ట్రోమా గడ్డలు దొరుకుతాయి. ఆర్ఎస్ఐ స్కోరులో గ్రంథి మొత్తం మీద గరిష్ఠ విలువ తీసుకున్నా అది క్యాన్సర్‌ను చూపడంలో ఏడీసీ కన్నా స్పష్టంగా మెరుగ్గా నిలిచింది. పై-రాడ్స్‌తో కలిపి వాడితే రెండూ విడివిడిగా ఇచ్చే ఫలితం కన్నా మేలు. అనుభవజ్ఞులైన ప్రోస్టేట్ రేడియాలజిస్టులు తక్కువగా ఉన్నచోట ఇది చాలా విలువైన గుణం. స్కాన్ వంకరను సరిదిద్దే అడుగు దీని ప్రక్రియలోనే ఉండటం ఇంకో లాభం.

వర్డిక్టా, ఆర్ఎస్ఐయా అని అడిగితే, మచ్చ గ్రేడు తెలుసుకోవడం ప్రశ్న అయితే మొదటిది, మచ్చను వెతికి పట్టుకోవడం ప్రశ్న అయితే రెండోది అంటాను. అవసరమైన పరికరాలూ సాఫ్ట్‌వేరూ ఉంటేనే ఈ మాట.

## హైబ్రిడ్ పద్ధతి, కాలంతో మారే డిఫ్యూజన్

షికాగో విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న హైబ్రిడ్ మల్టీడైమెన్షనల్ ఎంఆర్ఐ బీ విలువను మాత్రమే మార్చి ఊరుకోదు, ఎకో సమయాన్నీ మారుస్తుంది. నాలుగేసి విలువలు కలిపి తీస్తే, ఒక్కో చుక్కలో ద్రవం ఎంత, ఎపిథీలియం (గ్రంథి గదుల లోపలి పొర కణాలు) ఎంత, స్ట్రోమా ఎంత అన్న మూడు వాటాలు వస్తాయి. క్యాన్సర్‌లో ఎపిథీలియం పెరుగుతుంది, ద్రవమూ స్ట్రోమా తగ్గుతాయి. మనం ముందు చెప్పుకున్న స్ట్రోమా గడ్డల చిక్కుకు ఇది నేరుగా జవాబు చెప్పగలదు. పాథాలజీ స్లైడును కొలిచినట్టు కొలుస్తుంది కాబట్టి కొత్తగా నేర్చుకునేవాళ్లకు కూడా అర్థమవుతుంది. పరీక్షించిన మనుషుల సంఖ్య ఇంకా చిన్నదే.

రెండోది, నీటికి కదలడానికి ఇచ్చే సమయాన్ని మార్చి కణాల పరిమాణాన్ని అంచనా వేసేది. తక్కువ సమయం ఇస్తే నీరు కణం గోడను తాకే లోపే కొలత అయిపోతుంది, ఎక్కువ ఇస్తే తాకుతుంది. ఈ తేడా నుంచి కణం ఎంత పెద్దదో తెలుస్తుంది. చాలా తక్కువ సమయాలు అందుకోవాలంటే వేగంగా ఊగే గ్రేడియంట్లు కావాలి, మామూలు స్కానర్లు ఆ బలం ఇవ్వలేవు. ప్రస్తుతానికి పరిశోధన శాలలకే.

## ఒక్కచోట చూసుకోవడానికి

| పద్ధతి | ఏం చెబుతుంది | స్కాన్ భారం | నిలకడ | ఇప్పుడు ఎవరికి |
|---|---|---|---|---|
| ఏడీసీ, ఎక్కువ బీ బొమ్మ | మొత్తం మీద నీటి ఇరుకు | ఇప్పటికే ఉన్నదే | మోస్తరు | అందరికీ, మొదట ఇదే |
| జూమ్, ముక్కల స్కాన్ | అదే, తక్కువ వంకరతో | కొద్దిగా పెరుగుతుంది | ఏడీసీలానే | వంకర సమస్య ఉన్న విభాగాలకు |
| లెక్కగట్టిన ఎక్కువ బీ | అదే, శుభ్రమైన బొమ్మ | లేదు | మూల స్కాన్‌ను బట్టి | పాత స్కానర్లకు |
| ఐవీఐఎం | రక్తప్రవాహం వాటా | ఎక్కువ | తక్కువ | పరిశోధనకు |
| కర్టోసిస్ | కదలికలో అడ్డంకులు | కొద్దిగా | మోస్తరు | అదనపు ఆధారంగా మాత్రమే |
| టెన్సర్ | కదలిక దిక్కు | మోస్తరు | తక్కువ | నరాల కట్టల పరిశోధనకు |
| వర్డిక్ట్ | కణాల లోపలి నీటి వాటా | ఎక్కువ | బాగుంది | గ్రేడు తేలని మచ్చలకు |
| ఆర్ఎస్ఐ | చిక్కుకున్న నీటి స్కోరు | మోస్తరు | బాగుంది | నిపుణులు తక్కువున్న చోట |
| హైబ్రిడ్ | కణజాలం మిశ్రమం | ఎక్కువ | ఆశాజనకం | పెద్ద కేంద్రాలకు |

## మీరు ఎవరన్నదాన్ని బట్టి

మొదటిసారి పీఎస్ఏ పెరిగి స్కాన్‌కు వెళ్తున్నవాళ్లు కొత్త పద్ధతి ఉన్న సెంటర్ కోసం తిరగనక్కర్లేదు. ప్రోస్టేట్ ఎంఆర్ఐలు రోజూ చదివే రేడియాలజిస్టు ఉన్నారా, బొమ్మ నాణ్యత ఎలా ఉందో రిపోర్టులో రాస్తారా అని అడగండి. 2018లో వచ్చిన ప్రెసిషన్ అధ్యయనంలో ముందు ఎంఆర్ఐ తీసిన వర్గంలో 28 శాతం మందికి బయాప్సీ అవసరమే పడలేదు. అయినా ముఖ్యమైన క్యాన్సర్లు ఆ వర్గంలోనే ఎక్కువ దొరికాయి, 38 శాతం. నేరుగా బయాప్సీ చేసిన వర్గంలో 26 శాతం. ఆ మేలు మామూలు డిఫ్యూజన్‌తోనే వచ్చింది. కాంట్రాస్ట్ ఇంజెక్షన్ గురించి భయపడేవాళ్లకు ఒక ఊరట: టీ2, డిఫ్యూజన్ రెండే చాలన్న పొట్టి స్కాన్ కూడా, నాణ్యత బాగుంటే, ముఖ్యమైన క్యాన్సర్‌ను పట్టడంలో పూర్తి స్కాన్‌కు తీసిపోలేదని 2025లో వచ్చిన ప్రైమ్ అధ్యయనం చూపింది.

తుంటికి లోహపు కీలు ఉన్నవాళ్లకు మాత్రం ఆ పొట్టి స్కాన్ సరిపడకపోవచ్చు. లోహం డిఫ్యూజన్ బొమ్మను బాగా చెడగొడుతుంది. పాడైన సిగ్నల్‌కు ఎంత గొప్ప మోడల్ పెట్టినా లాభం లేదు. ముక్కల స్కాన్ కొంత ఆదుకుంటుంది. కాంట్రాస్ట్‌ను మాత్రం వదులుకోవద్దు, డిఫ్యూజన్ పనికిరానప్పుడు టీ2తో పాటు నిలబడేది అదే. స్కాన్ బుక్ చేసేటప్పుడే కీలు సంగతి చెప్పండి.

పై-రాడ్స్ 3 దగ్గర ఆగిపోయినవాళ్లకు ముందుగా చేయాల్సిన లెక్క తేలికైనది: పీఎస్ఏను గ్రంథి పరిమాణంతో (మిల్లీలీటర్లలో) భాగిస్తే పీఎస్ఏ డెన్సిటీ వస్తుంది. అది 0.15 దాటితే బయాప్సీ వైపు మొగ్గడానికి బలమైన కారణం. తక్కువైతే, యూరాలజిస్టుతో మాట్లాడి ఆగి చూడటం తప్పేం కాదు. బొమ్మ నాణ్యత బాగోకపోతే కొత్త మోడల్ కన్నా ముందు అదే స్కాన్‌ను సరిగ్గా మళ్లీ తీయించడం మంచిది. నాణ్యత బాగుండి కూడా తేలకపోతే, అప్పుడు వర్డిక్ట్ గానీ ఆర్ఎస్ఐ గానీ అందుబాటులో ఉన్న కేంద్రానికి వెళ్లడంలో అర్థముంది. అక్కడొచ్చిన సంఖ్య ఒక్కదాన్నే పట్టుకుని బయాప్సీ మానుకోవడం మాత్రం తొందరపాటు.

యాక్టివ్ సర్వైలెన్స్‌లో ఉన్నవాళ్లు, అంటే చికిత్స లేకుండా పరిశీలనలో ఉన్నవాళ్లు, సంఖ్యల విషయంలో జాగ్రత్తగా ఉండాలి. క్యూఐబీఏ అనే కొలతల ప్రమాణాల బృందం లెక్క ప్రకారం, ప్రోస్టేట్‌లో ఏడీసీ సుమారు 47 శాతం మారితేనే అది నిజమైన మార్పని 95 శాతం నమ్మకంతో చెప్పగలం. పోయినసారి 900, ఈసారి 800 అని కంగారు పడాల్సిన పని లేదు. పద్ధతి ఏదన్నది ఇక్కడ రెండో సంగతి. ప్రతిసారీ అదే స్కానర్, అవే బీ విలువలు ఉండేలా చూసుకోండి, పాత బొమ్మల సీడీలు జాగ్రత్తగా దాచుకోండి. మధ్యలో సెంటర్ మారితే పోలిక సగం దెబ్బతింటుంది. ఇలాంటివారికి నిలకడైన సంఖ్య ఇచ్చే మోడళ్లు మున్ముందు చాలా మేలు చేయగలవు. నేను ఎక్కువగా ఎదురుచూస్తున్నది దీని కోసమే.

చిన్న విభాగం నడిపేవాళ్లు ముందు పై-రాడ్స్ సాంకేతిక ప్రమాణాలతో తమ ప్రోటోకాల్‌ను పోల్చుకోవాలి. తర్వాత బొమ్మ నాణ్యతను కొలిచే పై-క్వాల్ స్కోరుతో తమ పాత స్కాన్లలో ఓ యాభైకి మార్కులు వేసి చూడాలి. మార్కులు తక్కువొచ్చిన చోట కారణం గ్యాసా, ప్రోటోకాలా, స్కానరా అన్నది తేలుతుంది. జూమ్ డిఫ్యూజన్ స్కానర్‌లో ఉండీ వాడకుండా ఉంటే వెంటనే వాడండి. రేడియాలజిస్టు రిపోర్టులను బయాప్సీ ఫలితాలతో నెలనెలా సరిపోల్చుకునే అలవాటు లేకపోతే, ఏ కొత్త మోడల్ తెచ్చినా అది తమ దగ్గర పనిచేస్తోందో లేదో తెలిసే దారి ఉండదు.

పరిశోధన మొదలుపెట్టే విద్యార్థులకు ఒక మాట. ఇంకో నలభై మంది మీద కర్టోసిస్‌నూ ఏడీసీనీ మళ్లీ పోల్చడం వల్ల పెద్దగా ఒరిగేదేం లేదు. మీ కేంద్రంలో వర్డిక్ట్ గానీ హైబ్రిడ్ గానీ తీయగలిగితే, ఒకే మనిషికి రెండుసార్లు తీసి సంఖ్య ఎంత నిలకడగా వస్తుందో కొలవండి. కనిపెట్టిన బృందం వెలుపల ఇలాంటి కొలతలు చాలా కావాలి. మచ్చ కనిపించినవాళ్లనే కాకుండా, ఎంఆర్ఐ బాగుందని పంపేసినవాళ్లనూ లెక్కలోకి తెచ్చుకోండి. చెదురుమదురుగా పెరిగే కణితులనూ క్రిబ్రిఫామ్ (జల్లెడలా రంధ్రాలతో కనిపించే) రకాన్నీ ఏడీసీ ఎక్కడ వదిలేస్తోందో అక్కడే బయటపడుతుంది.

ఇక బయాప్సీ ఇప్పటికే అయిపోయి స్కాన్‌కు వెళ్తున్నవాళ్లు తేదీ చూసుకోండి. సూది గుచ్చిన చోట మిగిలిన రక్తం ఏడీసీని తగ్గించి, లేని మచ్చను చూపించగలదు. కనీసం ఆరు వారాలు ఆగి తీయించుకోవడం మంచిది. అంతకన్నా ముందే తీయించాల్సి వస్తే, బయాప్సీ ఎప్పుడు అయిందో, సూదులు ఎక్కడెక్కడ వేశారో రాసిన కాగితం రేడియాలజిస్టుకు చేరేలా చూసుకోండి.